చంద్రగిరి కోట ఉద్యానవనం: ఒక పూట కేటాయించదగిన చోటు

తిరుమల దర్శనానికి వచ్చినవారిలో చాలామంది చంద్రగిరి కోట దగ్గర కారు ఆపి, నాలుగు ఫొటోలు తీసుకుని వెళ్ళిపోతారు. స్వర్ణముఖి పరీవాహకంలో, తిరుపతికి పదిహేను కిలోమీటర్ల లోపే ఉన్న ఈ చిన్న ఊరికి అంతకన్నా ఎక్కువ సమయం ఇవ్వాలనీ, రాజమహల్ ముందరి ఉద్యానవనంలో కనీసం ఒక పూట గడపాలనీ నా అభిప్రాయం.

తోటలో పూలమొక్కలూ పచ్చికా ఉన్నాయి. అయితే అక్కడి అసలు భాగ్యం, పచ్చిక అంచున నిలబడితే రాజమహల్ మొత్తం, వెనుకనున్న రాతికొండతో సహా, ఒక్క చూపులో కనిపించడం. దూలం గానీ వాసం గానీ వాడకుండా రాయి, ఇటుక, సున్నంతోనే లేపిన ఈ మూడంతస్తుల బరువును లావుపాటి స్తంభాలు, కమానులు మోస్తున్నాయి. కమానులు దక్కన్ సుల్తానుల కట్టడాలను గుర్తుకు తెస్తే, పైనున్న శిఖరాలు మన గుడి గోపురాలను గుర్తుకు తెస్తాయి. పొద్దుటెండ ఏటవాలుగా పడేటప్పుడు ఒక్కో కమాను వెనుక నీడ ఎంత లోతుకు వెళుతుందో గమనిస్తే, ఆ గోడలు ఎంత మందమో లోపలికి అడుగు పెట్టకముందే తెలిసిపోతుంది. పక్కనే ఉన్న రెండంతస్తుల రాణీమహల్ చిన్నదే గానీ, దాన్ని చూడకుండా తిరిగి రాకూడదు.

సాళువ నరసింహరాయలు విజయనగర సింహాసనం ఎక్కకముందు పాలించింది ఈ చంద్రగిరి నుంచే. 1565లో రాక్షసి తంగడి యుద్ధం తరువాత పెనుకొండకు తరలిన రాజధాని, అరవీటి రాజుల కాలంలో ఇక్కడికే చేరింది. అంతటి చరిత్ర ఉన్న నేలమీద పిల్లలు స్వేచ్ఛగా పరుగెత్తుతుంటే చూడడం నాకెంతో సంతోషంగా ఉంటుంది. పాఠ్యపుస్తకంలోని విజయనగరం వాళ్ళకు ఇక్కడ చేతికి తగులుతుంది.

రాజమహల్‌లోని పురావస్తు శాఖ మ్యూజియానికి శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు వెళ్ళకపోవడమే మేలు. పదిహేనేళ్ళ లోపు పిల్లలకు టికెట్ అక్కరలేదు. తిరుపతి నుంచి ఆర్టీసీ బస్సులున్నాయి. పాకాల వైపు వెళ్ళే రైలు మార్గంలో చంద్రగిరి స్టేషను కూడా ఉంది. నదిలో నీళ్ళు చూడాలనుకుంటే మాత్రం వానలు బాగా పడ్డాకే రావాలి, ఎందుకంటే స్వర్ణముఖి ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకగానే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో రాతికొండ వేడి తోటదాకా కొడుతుంది గనుక, పెద్దవాళ్ళను తీసుకువెళ్ళేవారు కార్తికం నుంచి మాఘం దాకా ఏదో ఒక ఉదయం ఎంచుకోవడం మంచిది.