వహాకాలో మెక్సికన్ పెళ్ళి: ఎక్కడ దిగాలి, ఏం తినాలి, ఏది వదలకూడదు

మా ఆయన టీమ్‌లో అబ్బాయి పెళ్ళికి పిలిస్తే మెక్సికోలో వహాకా వెళ్ళాం, ఎలాగూ అంత దూరం వచ్చాం కదా అని సాన్ మిగెల్ దె అయెందె కూడా చూసొచ్చాం. పెళ్ళిళ్ళకి రెండూ పేరున్న ఊళ్ళే. ఒక్కటే చూడగలం అనుకునేవాళ్ళైతే కళ్ళు మూసుకుని వహాకా వెళ్ళండి.

ముందు వెళ్ళడం సంగతి. డల్లాస్, హ్యూస్టన్ నుంచి వహాకాకి డైరెక్ట్ ఫ్లైట్లున్నాయి. ఇండియన్ పాస్‌పోర్ట్ అయినా అమెరికా వీసా స్టాంప్ వాలిడ్‌గా ఉంటే మెక్సికో వీసా అక్కర్లేదు. మెక్సికో సిటీలో దిగి ఏడీఓ అనే కంపెనీ బస్సులో రావచ్చు, ఆరేడు గంటలు పడుతుంది, సీట్లు బానే ఉంటాయి గానీ పిల్లలుంటే ఫ్లైటే నయం. ఎయిర్‌పోర్టులో కౌంటర్ దగ్గర టికెట్ కొంటే షేర్ వ్యాన్ వాడు హోటల్ గుమ్మం దాకా దింపుతాడు. ఊళ్ళో టాక్సీలకి మీటర్లుండవు, ఎక్కే ముందే రేటు మాట్లాడుకోవాలి.

రూమ్ విషయంలో మాత్రం జాగ్రత్త. మేం మొదట దిగింది సాంతో దొమింగో చర్చికి రెండు వీధుల అవతల, ఫోటోల్లో చూస్తే ప్యాలెస్, తీరా వెళ్తే కిటికీ రోడ్డు మీదకి, వేడినీళ్ళు సన్నటి ధార, పైగా శనివారం కావడంతో ఒక బ్యాండు పోయిందిలే అనుకునేలోపు ఇంకోటి, మధ్యలో టపాసులు, ఎవడికి నిద్ర పడుతుంది. అడిగితే రిసెప్షన్‌లో అమ్మాయి నవ్వి ఇయర్ ప్లగ్స్ ఇచ్చింది! తర్వాత హలత్లాకో అనే పేటకి మారాం. రాళ్ళు పరిచిన సందులు, గోడల నిండా బొమ్మలు, చర్చికి నడిచే దూరమే, రాత్రి ప్రశాంతం, రేటు కూడా తక్కువే పడింది.

ఇక పెళ్ళి. లీగల్‌గా చెల్లేది రిజిస్ట్రార్ ముందు జరిగేదే, 1859 చట్టం నుంచి అక్కడ అంతే, అది వీళ్ళకి ముందే అయిపోయింది. చర్చిలో పూజ గంటలోపే. పెళ్ళికొడుకు 13 నాణేలు పెళ్ళికూతురి దోసిట్లో పోస్తాడు, తర్వాత పొడుగాటి పూసల దండని ఎనిమిది అంకె వచ్చేలా మెలిపెట్టి ఇద్దరి భుజాల మీదా వేస్తారు. నాకు నచ్చింది ఏంటంటే ఆ దండ ఒకరిది, నాణేలు ఇంకొకరివి, ఉంగరాలు వేరొకరివి, కేకు కూడా ఎవరో ఒకరు పెట్టుకుంటారు, వాళ్ళని పద్రీనోలు అంటారు. మన చదివింపుల్లాంటిదే అనుకోండి, కాకపోతే డబ్బు రాయించడం కాదు, ఫలానా వస్తువు నాది అని ముందే ఒప్పుకుని ఆ పెళ్ళికి ఒకరకంగా బాధ్యులవుతారు.

అసలు చూడాల్సింది బయటికొచ్చాక, కలెందా అనే ఊరేగింపు. చర్చి ముందు బ్రాస్ బ్యాండు, బుట్టల్లో పూలు తలమీద పెట్టుకుని డాన్స్ చేసే ఆడవాళ్ళు, మనిషి కంటే రెట్టింపు ఎత్తు పెళ్ళికొడుకు పెళ్ళికూతురు బొమ్మలు, వాటి లోపల ఒక మనిషి దూరి గిర్రున తిరుగుతుంటే ఖాళీ చేతులు ఊగొచ్చి పక్కవాళ్ళ వీపుమీద పడుతుంటాయి. మార్మోతా అని కర్ర మీద పెద్ద గుడ్డ బంతి ఉంటుంది, దాని మీద జంట పేర్లు, తేదీ. కర్ర అడుగు నడుముకి కట్టుకున్న బెల్టులో ఆనించి ఒక్కడే మోస్తూ తిప్పుతాడు, చెమటలు కారిపోతున్నా ఆపడు. మన మెడలో రిబ్బన్‌కి చిన్న కప్పు వేలాడదీస్తారు, మెస్కాల్ అనే నాటు మద్యం పోసేవాళ్ళు దారి పొడుగునా వస్తూనే ఉంటారు. తాగనివాళ్ళు కప్పు బోర్లా తిప్పుకుంటే సరి.

రిసెప్షన్లో విబొరా దె లా మార్ ఆట ఉంది. జంట రెండు కుర్చీల మీద నిలబడి చేతులు కలిపితే కిందనుంచి అందరూ గొలుసుగా పరిగెత్తుతారు, పాట స్పీడ్ పెరిగేకొద్దీ గుద్దుకుంటారు, పెళ్ళికొడుకు కుర్చీని బాబాయిలు గట్టిగా పట్టుకోకపోతే పడ్డాడే. బతికున్న టర్కీ కోడిని పట్టుకుని కూడా డాన్స్ చేశారు, అది నాకు నచ్చలేదు. తెల్లారి తోర్నాబోదా అని మళ్ళీ భోజనాలు, చిలాకిలెస్ (సాస్‌లో నానిన మొక్కజొన్న చిప్స్) అవీ పెడతారు, మిగిలేది దగ్గరివాళ్ళే కాబట్టి కబుర్లన్నీ అక్కడే. ఫ్లైట్ ఆ మధ్యాహ్నానికి పెట్టుకోకండి.

వెజిటేరియన్లకి: త్లయూదా అనే పెద్ద కరకరలాడే మొక్కజొన్న రొట్టె మీద ఆసియెంతో అని పంది కొవ్వు రాస్తారు, "సిన్ ఆసియెంతో" (అది వద్దు) అని చెప్పండి, బీన్స్‌లో కూడా కొవ్వుందేమో అడగండి. మోలె నెగ్రో అనే నల్లటి సాస్ ఎక్కువగా చికెన్ నీళ్ళతోనే చేస్తారు. కెసీయో చీజ్, మొక్కజొన్న రొట్టెలు, వేడి చాక్లెట్‌తో బండి నడిచిపోతుంది. 20 దె నొవియెంబ్రె మార్కెట్‌లో మాంసం కాల్చే వరస ఉంది, తినేవాళ్ళకి స్వర్గం, మిగతావాళ్ళకి పొగ.

సాన్ మిగెల్ అందమైన ఊరే, గులాబీ రంగు చర్చి ఫోటోలకి భలే ఉంటుంది. అక్కడా పెద్ద బొమ్మలతో ఊరేగింపులున్నాయి, గాడిద మీద టెకీలా కూడా, కాకపోతే మేం చూసినవన్నీ అమెరికన్ జంటలకి ప్లానర్లు కుదిర్చిన ప్యాకేజీలే, హోటళ్ళు, తిండి వహాకా కంటే బాగా ఖరీదు. ఊళ్ళో ఎయిర్‌పోర్ట్ లేదు, లియోన్‌లోనో కెరెతారోలోనో దిగి రోడ్డు మీద గంట పైనే.

రెండు చోట్లా గుండ్రాళ్ళ రోడ్లే. పట్టుచీర కట్టుకోండి, వాళ్ళు తెగ మెచ్చుకుంటారు, కిందకి మాత్రం హీల్స్ వద్దు.