పల్లెవెలుగు ఎక్కి కొండలకు: బెజవాడ, గుంటూరు చుట్టూ నడిచినవాళ్ల సమీక్ష

ఇంట్లో స్కూటీ ఉన్నా కొండలకు మాత్రం మేం బస్సులోనే వెళ్తాం. మేం అంటే నేనూ, మా తోడికోడలూ. డబ్బు మిగులుతుందని కాదు. బండి కింద పెట్టి కొండెక్కితే ఎంత తిరిగినా మళ్లీ ఆ బండి దగ్గరికే దిగి రావాలి. బస్సయితే ఆ బాధ లేదు. ఒక దారిన ఎక్కి ఇంకో దారిన దిగి, రోడ్డు ఎక్కడ తగిలితే అక్కడ చెయ్యెత్తొచ్చు. కొన్నేళ్లుగా మా చలికాలం ఆదివారాలు ఇలాగే గడుస్తున్నాయి కాబట్టి ఎక్కడ కుదురుతుందో, ఎక్కడ కుదరదో రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు కొండపల్లి. నెహ్రూ బస్టాండు నుంచి మైలవరం, తిరువూరు వైపు వెళ్లే బస్సులు ఇబ్రహీంపట్నం దాటి కొండపల్లి మీదుగానే పోతాయి. సిటీ బస్సులు వేరే ఉన్నాయి. ఊరు ఇరవై కిలోమీటర్లే గానీ గొల్లపూడి, గుంటుపల్లి ట్రాఫిక్‌తో గంట వేసుకోవాలి. ఎక్కగానే కండక్టర్‌కి కోటకని చెప్పండి, ఎక్కడ దిగాలో ఆయనే చెప్తాడు. మేం ఊళ్లోంచి పాత నడకదారిన ఎక్కి ఘాట్ రోడ్డున దిగుతాం. ఎక్కేటప్పుడు మోకాళ్లకు పని, దిగేటప్పుడు సుఖం. తిరగేస్తే మాత్రం రాళ్ల మీద దిగుడు నరకం, ముఖ్యంగా వాన పడ్డ మర్నాడు.

కోట 14వ శతాబ్దంలో రెడ్డిరాజులు కట్టింది. ఆ తర్వాత గజపతులు, కృష్ణదేవరాయలు, కుతుబ్‌షాహీలు, చివరికి ఇంగ్లీషువాళ్ల చేతుల్లోకి వెళ్లింది. అందరూ రాణీమహల్ దగ్గర ఫొటోలు దిగి వెళ్లిపోతారు. నన్నడిగితే అసలు చూడాల్సింది గోడ వెంబడి నడిస్తే కనిపించేది. ఒకవైపు థర్మల్ పవర్ స్టేషన్ పొగగొట్టాలు, వాటి వెనక కృష్ణ. రెండోవైపు తిరిగితే లోయ నిండా అడవి. ఇంత దగ్గర్లో ఇంత అడవి ఉందని బెజవాడలో పుట్టి పెరిగినవాళ్లలోనే చాలామందికి తెలియదు.

ఆ అడవిలోని తెల్లపొణికి చెక్కతోనే కొండపల్లి బొమ్మలు చేస్తారు. దిగాక ఓపిక ఉంటే బొమ్మల కాలనీకి వెళ్లండి. అక్కడ ఒకాయన చెక్క ముక్క నా చేతిలో పెట్టాడు, పిడికెడు దూది పట్టుకున్నట్టే ఉంది. బొమ్మకు చేతులూ కాళ్లూ విడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ అతుకు మీద ఆయన బొటనవేలితో నున్నగా రాస్తుంటే చూస్తూ మేం రెండు బస్సులు వదిలేశాం. మైలవరం రోడ్డు కాబట్టి టెన్షన్ లేదు, చీకటి పడ్డాక కూడా బస్సు దొరుకుతుంది. ఐదుకు నాలుగున్నర. ఆ సగం కోట లోపల చిప్స్ కవర్లు, సీసాలు పారేసి పోయేవాళ్ల వల్ల పోయింది.

మూలపాడు కూడా ఆ అడవిదే, అవతలి అంచు. నందిగామ, జగ్గయ్యపేట వెళ్లే పల్లెవెలుగు ఎక్కితే హైవే మీద దింపుతారు. ఎక్స్‌ప్రెస్ అయితే ఆపుతారో లేదో ఎక్కే ముందే అడగాలి. ఇక్కడ సీతాకోకచిలుకల పార్కు ఉంది. ఇది రిజర్వ్ ఫారెస్టు కాబట్టి ఇష్టమొచ్చిన చోట లోపలికి దూరకుండా అటవీ సిబ్బందికి చెప్పి, వాళ్లు చూపించిన దారిలోనే వెళ్లాలి. వానాకాలం వెళ్తూ వెళ్తూ ఉండగా, అక్టోబరు, నవంబరు నెలల్లో వెళ్లినవాళ్లది అదృష్టం. తడి మట్టి కనిపించిన చోట కాసేపు కదలకుండా నిలబడండి. సీతాకోకచిలుకలు గుంపుగా వాలి మట్టిలోని లవణాలు పీల్చుకుంటుంటాయి. అలా వాలేవి ఎక్కువగా మగవే. నీడ పడితే చాలు, అన్నీ ఒక్కసారి లేస్తాయి. మార్చిలో వెళ్లి ఏమీ లేదని పెదవి విరిచేవాళ్లను చూశాను. మార్చిలో అక్కడ ఆకులే ఉండవు, ఇంక సీతాకోకచిలుకలెక్కడివి?

ఇక కొండవీడు. నడకకు కొండపల్లి కంటే మంచిది, బస్సుకు మాత్రం బాగా కష్టం. గుంటూరు బస్టాండులో నరసరావుపేట బస్సెక్కి ఫిరంగిపురంలో దిగాలి, అక్కడి నుంచి ఆటో. ఆ ఆటో బేరమే పెద్ద ప్రహసనం. వెళ్లేటప్పుడు వస్తారు గానీ, మళ్లీ ఎక్కించుకోవడానికి ఎవరూ మాట ఇవ్వరు. 2022లో జిల్లాలు విడగొట్టాక కొండవీడు పల్నాడు జిల్లాలోకి వెళ్లింది గానీ మాకు దారి ఇప్పటికీ గుంటూరు మీదుగానే. ఘాట్ రోడ్డు పడ్డాక కార్ల జనం పెరిగారు. అందుకే మేం ఎక్కేది పాత మెట్లదారినే. రెడ్డిరాజులు రాజధానిని అద్దంకి నుంచి ఈ కొండ మీదికే మార్చుకున్నారు. మీదికెళ్లాక ఎందుకో తెలుస్తుంది: అంత ఎత్తులో చెరువులు! కొండ మీద నీళ్లుంటే కింద శత్రువు ఎన్నాళ్లు కూర్చుంటే ఏం? చెరువు గట్టున కూర్చుని పులిహోర తింటే ఎక్కిన ఆయాసమంతా పోతుంది.

ఈ కొండల్లో సీతాఫలాలు బాగా కాస్తాయి. సీజన్లో వెళ్తే గంపలతో దిగేవాళ్లు ఎదురొస్తారు. అలా దిగుతున్న ఒక పెద్దామె మమ్మల్ని చూసి, “చీకటి పడిందాకా ఉండమాకండమ్మా, కింద ఒక్క బండీ ఉండదు” అంది. మూడింటికల్లా దిగడం మొదలుపెట్టాలన్న మా నియమం ఆ మాటతో వచ్చిందే. నడకకు ఐదుకు ఐదు, ప్రయాణానికి రెండు.

మంగళగిరి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పానకాలస్వామి గుడి దాకా మెట్లు, శిఖరం మీద గండాలయం. నడక చిన్నదే గానీ నిటారు. సాయంత్రానికి కొండ మీద గుడి మూసేస్తారు కాబట్టి పొద్దున్నే వెళ్లాలి. గుంటూరు నాన్‌స్టాప్ మాత్రం ఎక్కకండి, మంగళగిరిలో ఆగదు. కోటప్పకొండ మెట్లదారీ బాగుంటుంది, కాకపోతే చేతిలో కవరు కనిపిస్తే కోతులు ఊరుకోవు. ఎత్తిపోతలకు బస్సులో ఒకసారి వెళ్తే చాలు. మాచర్ల చేరేసరికే సగం పూట గడిచిపోతుంది. డెబ్బై అడుగుల జలపాతం అందమే గానీ అది చూసే చోటు, నడిచే చోటు కాదు.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ బస్సుల్లో టికెట్ లేదు. ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. మాకు కలిసొచ్చింది. దాంతోపాటు ఆదివారం రద్దీ కూడా పెరిగింది, పెద్ద బ్యాగు పట్టుకుని నిలబడలేం. అందుకే మనిషికి ఒక చిన్న బ్యాగే: రెండు లీటర్ల నీళ్లు, అన్నం డబ్బా, టార్చి, పాత దినపత్రిక. పత్రిక ఎందుకంటే, తిరిగొచ్చేటప్పటికి సాక్సుల నిండా ఉత్తరేణి గింజలుంటాయి. బస్సులో కూర్చుని అవి ఏరి దాన్లో పొట్లం కట్టుకోకపోతే పక్కవాళ్ల చీరలకు అంటుకుంటాయి, ఆ తర్వాత మాటలు పడాలి.

పూర్తిగా కప్పే బూట్లు తప్పనిసరి. ఎండుటాకుల్లో రక్తపింజరి పడుకుంటే కంటికి ఆనదు. కర్రతో ముందు తట్టి అడుగు వేయడం అలవాటు చేసుకోండి. ఫిబ్రవరి చివర్లో మేం మానేస్తాం. మార్చి తర్వాత మన ఎండలకు బండరాళ్లు సాయంత్రం ఏడైనా సెగలు కక్కుతుంటాయి. మళ్లీ వానలు తగ్గాకే. పిల్లలతో మొదలుపెట్టేవాళ్లు ముందు మంగళగిరి ఎక్కించండి, తర్వాత కొండపల్లి. కొండవీడు మాత్రం వాళ్లకు పదేళ్లు దాటాక, తిరుగు ఆటో ముందే మాట్లాడుకుని.