మైగవ్‌లో ముసాయిదా బిల్లుపై అభిప్రాయం: రాయడం తేలికే, జవాబే రాదు

2014 నాటి కేంద్ర విధానం ప్రకారం ముసాయిదా బిల్లును కనీసం 30 రోజులు జనం ముందుంచాలి. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ బిల్లును 2022 నవంబరు 18న పెట్టి, గడువును 2023 జనవరి 2 దాకా పొడిగించారు. వ్యవధి వరకు వంక లేదు.

జనాభిప్రాయం సేకరించే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ మైగవ్‌లో లాగిన్ అయి, ఆ బిల్లుపై అధ్యాయాల వారీగా రాయమన్నారు. "బిల్లు బాలేదు" అంటే ఎవరికీ అక్కరకు రాదు. క్లాజు నంబరు, తీసేయాల్సిన మాట, దాని బదులు పెట్టాల్సిన వాక్యం, కారణం: ఇవి ఉంటేనే ముసాయిదా రాసేవారికి పని జరుగుతుంది. ముందే వేరే ఫైల్లో రాసుకుని అతికించండి, మధ్యలో సెషన్ పోతే కష్టం వృథా.

అసలు లోపం ఆ తర్వాతే. అభిప్రాయాల సారాంశాన్ని వెబ్‌సైట్లో పెట్టాలని అదే విధానం చెబుతోంది. ఈ బిల్లుకు మాత్రం వచ్చినవాటిని బయటపెట్టబోమని ముందే ప్రకటించారు. చెవిటివాడి ముందు శంఖమే! మీ ప్రతిని మీరే దాచుకోండి.