ఏడు చలికాలాలు, ఒక 150–600 లెన్సు: కృష్ణ ఒడ్డున గద్దల వేట

2018 డిసెంబరులో 62 వేలు పెట్టి సెకండ్ హ్యాండ్‌లో కొన్న జూమ్ లెన్సు ఇది. అప్పటి నుంచి ఏ చలికాలమూ భుజం దిగలేదు. ఇలాంటి 150–600 లెన్సులను (అంకెలు ఫోకల్ లెంగ్త్, మి.మీ.లలో; అంకె పెరిగేకొద్దీ దూరపు పక్షి దగ్గరగా కనిపిస్తుంది) ఒకటికి మించి కంపెనీలు చేస్తున్నాయి, గుణగణాల్లో అన్నీ అన్నదమ్ములే కాబట్టి పేరు రాయడం లేదు. బరువు దాదాపు రెండు కిలోలు. ముందరి గాజు 95 మి.మీ. 600 దగ్గర ఎపర్చర్, అంటే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం, ఎఫ్/6.3కు మించి తెరుచుకోదు. నా కెమెరాలో ఉన్నది చిన్న సెన్సర్ కనుక 600 కాస్తా 900 లెక్కకు వస్తుంది.

కొనాలనుకునే వాళ్లంతా నన్ను అడిగేది ఒకటే: గద్ద వేటాడే క్షణం దీనికి చిక్కుతుందా? చిక్కుతుంది, అయితే ఏ పక్షి, ఏ వెలుతురు అన్నదాన్ని బట్టి. అడవి రామదాసు దగ్గర ఈ లెన్సు మీద నాకు పూర్తి నమ్మకం. చేపలు పట్టే కోరమీను గద్ద (ఆస్ప్రే) దగ్గర సగమే.

అడవి రామదాసు అంటే నల్ల రెక్కల గద్ద. కాకి కంటే చిన్నది. బూడిద, తెలుపు కలిసిన ఒళ్లు, భుజాల మీద నల్లటి పట్టీ, నిప్పుకణిక లాంటి కన్ను. వరి కోతలు అయి, మినుము మోకాలి కిందకు ఎదిగిన రోజుల్లో దుగ్గిరాల, కొల్లిపర వైపు పొలాల్లో కరెంటు తీగల మీద కూర్చుని తోకను పైకీ కిందికీ ఆడిస్తూ కనిపిస్తుంది. దాని తిండి ఎక్కువగా ఎలుకలే. ఎలుకలకు బుట్టలు పెట్టి విసిగిపోయిన రైతుకు ఈ పక్షి ఎంత మేలు చేస్తుందో అక్కడి పెద్దవాళ్లకు బాగా తెలుసు. ఒకాయన గట్టు మీద నన్ను చూసి, "దాన్ని బెదరగొట్టకు బాబూ, అది మా చేను కాపలాదారు" అన్నారు. ఆ మాట విన్నాక నేను తీగకు యాభై అడుగుల లోపలికి ఎప్పుడూ పోలేదు.

సాయంత్రం నాలుగున్నర దాటాక అది తీగ వదిలి చేను మీద ఒకేచోట గాలిలో నిలబడుతుంది. ఒక్కోసారి పది సెకన్ల పాటు కదలకుండా ఉంటుంది. ఈ లెన్సుకు కావలసింది సరిగ్గా ఆ పది సెకన్లే. ఫోకస్ తీరిగ్గా కుదురుకుంటుంది, ఈక ఈకా లెక్కపెట్టవచ్చు.

2023 జనవరిలో ఒక సాయంత్రం చూసింది చెబుతాను. రెక్కలు కొట్టడం ఆపి, రెండింటినీ పైకెత్తి, కాళ్లు వేలాడదీసింది. అలాగే కొంత దిగి ఆగింది. మళ్లీ రెక్కలాడించి, మళ్లీ ఎత్తి, ఇంకొంత దిగింది. మెట్లు దిగే మనిషిలా మూడుసార్లు అలా చేసి, చివరి మెట్టు మీద నుంచి రాయిలా పడింది. మినుము ఆకుల్లో తెల్లటి రెక్క కొస మాత్రం కనబడుతోంది. నేను షట్టర్ మీద వేలు తీయలేదు. లేచినప్పుడు కుడి కాలి గోళ్లలో ఎలుక, దాని తోక గాలికి ఊగుతోంది. మొత్తం 23 ఫ్రేములు. మెట్లు దిగిన ఫ్రేములన్నీ పదునుగా వచ్చాయి. రాయిలా పడినవి అన్నీ పోయాయి. ఎలుకతో లేచినవి నాలుగు మిగిలాయి.

పోవడానికి కారణం ఉంది. 600 దగ్గర, ఎఫ్/6.3లో, నలభై మీటర్ల దూరంలో పదునుగా వచ్చే లోతు ముందూ వెనకా కలిపి మీటరు కంటే కాస్త ఎక్కువ. పక్షి నిటారుగా పడితే ఫరవాలేదు, ఏటవాలుగా మన వైపు పడితే ఈ లెన్సు మోటారు అందుకోలేదు. నాకు పనికొచ్చిన ఉపాయం ఒకటి. లెన్సు పక్కనున్న ఫోకస్ పరిమితి మీటను పది మీటర్ల నుంచి అనంతం వరకు పెట్టి వదిలేయండి. గురి తప్పినప్పుడు లెన్సు దగ్గరి గడ్డిపరకల దాకా వెతుక్కుంటూ పోయి రావడం ఆగిపోతుంది. షట్టర్ వేగం 1/2500 సెకను కంటే తగ్గించవద్దు. 600 దగ్గర రంధ్రం ఇంకాస్త మూసి ఎఫ్/8 పెడితే ఈకల అంచులు తేలతాయి కానీ ఆ వేళకు వెలుతురు ఉండదు. నేను 6.3 తోనే సరిపెట్టుకుంటాను. పక్షిని వెతికేటప్పుడు 300 దగ్గర ఉండి, దొరికాక 600కు వెళ్లడం ఇంకా మేలు. ఈ వెసులుబాటు కోసమే అంతకు మూడు నాలుగింతల ఖరీదైన జూమ్ లేని లెన్సులు చూసి కూడా నా మనసు మారలేదు.

ఇక కోరమీను గద్ద. చలికాలపు అతిథి. ప్రకాశం బ్యారేజీకి ఎగువన నిలిచిన నీళ్ల మీద చేపల కోసం తిరుగుతుంది. దీనికి సీతానగరం, ఉండవల్లి వైపు కరకట్టే సరైన చోటు. చలికాలంలో సూర్యుడు రోజంతా దక్షిణం వైపే ఉంటాడు కాబట్టి గుంటూరు ఒడ్డున నిలబడి విజయవాడ వైపు చూస్తే వెలుగు మన వీపు మీద, పక్షి రొమ్ము మీద పడుతుంది. అవతలి ఒడ్డు నుంచి తీస్తే నల్లటి నీడ తప్ప ఏమీ రాదు. మొదటి రెండేళ్లు నేను అవతలి ఒడ్డునే పోగొట్టుకున్నాను.

ఈ గద్ద కాళ్లు ముందుకు చాచి నీళ్లలో పడుతుంది. నీటి మీద అలల మెరుపులను లెన్సు పక్షి అనుకుని పట్టుకుంటుంది. పైగా జనవరి పొద్దున ఏడింటికి మంచు, మసక వెలుతురు. ఐఎస్ఓను, అంటే వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయిని, 6400 దాకా ఎక్కించక తప్పదు. నీళ్లు చిమ్మే క్షణం ఏడేళ్లలో నాకు నిఖార్సుగా దొరికింది రెండుసార్లే. కానీ ఆ తర్వాతి క్షణాలను ఈ లెన్సు బాగా పడుతుంది. నీళ్లలోంచి లేచి, కొంత ఎగిరాక గాలిలోనే ఒళ్లంతా విదిలించుకుంటుంది. తర్వాత చేప తల ముందుకు వచ్చేలా పట్టు మార్చుకుంటుంది, గాలికి అడ్డు తగ్గాలని. నా ఫొటో ఒకదానిలో కాలివేళ్లు రెండు ముందు, రెండు వెనక కనిపిస్తాయి. బయటి వేలిని వెనక్కి తిప్పగలదన్న సంగతి చదివే ఉన్నాను. అయినా నేను తీసిన ఫొటోలో జారిపోయే చేపను ఆ నాలుగు వేళ్లూ రెండు వైపుల నుంచీ బిగించి ఉండటం చూసి చాలాసేపు అలాగే ఉండిపోయాను.

మసక ఫొటోలకు లెన్సును తిట్టే ముందు గాలిని చూడండి. తొమ్మిదిన్నర తర్వాత ఎండ ఎక్కిన నల్లరేగడి మీద గాలి మరుగుతుంది. వంద మీటర్ల అవతలి పక్షి ఎంత ఖరీదైన లెన్సులోనైనా నీళ్లలోంచి చూసినట్టే ఉంటుంది. ఆ వేళకు నేను లెన్సు సంచిలో పెట్టేస్తాను. ఏసీ కారులోంచి దిగగానే గాజు మీద చెమ్మ పట్టడం మన ఊళ్లలో ఇంకో బాధ. అరగంట ముందు ఏసీ ఆపేస్తే చాలు.

చెమ్మ చేసిన అసలు నష్టం 2024 సెప్టెంబరులో. బుడమేరు వరదకు విజయవాడ సింగ్ నగర్‌లో మా కింది అంతస్తు మునిగింది. లెన్సు పై అంతస్తు బీరువాలోనే ఉంది, నీళ్లు తాకలేదు. కానీ రోజుల తరబడి కరెంటు లేదు, గోడలు నెలైనా ఆరలేదు. అక్టోబరులో టార్చి వేసి చూస్తే లోపలి గాజు అంచున సాలెపురుగు దారాల్లా ఫంగస్. శుభ్రం చేయించాక ఫొటోల్లో తేడా లేదు గానీ, ఎదురెండలో కాస్త పాలిపోయినట్టు వస్తోంది. ఇప్పుడు గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో, తేమ చూపే చిన్న మీటరుతో ఉంచుతున్నాను. ముల్లు 50 శాతం దాటితే పొట్లాలు మారుస్తాను. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు వెనక నుంచి టార్చి వేసి గాజు అంచులు చూడకుండా డబ్బు ఇవ్వవద్దు.

ఇంకొక్క మాట గట్టిగా చెప్పాలి. లెన్సు అందుకోలేని దూరాన్ని ఎరతో తగ్గించుకోవద్దు. బుట్టలో పడ్డ ఎలుకను కాలికి దారం కట్టి గట్టు మీద పెట్టి తీసిన ఫొటోలు చూశాను, నాకు కడుపు రగిలిపోయింది. అలాగే వేట వేళలో తీగ కిందికి నడిచి వెళ్తే పక్షి లేచిపోతుంది. అది ఆ పూట వేట వదిలేసిందంటే తిండి వదిలేసినట్టే. 900 లెక్కకు వచ్చే ఈ గాజు ఉన్నది మనం దూరంగా ఉండటానికే.

ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. తీసేసిన ఆ ఒక్కటీ కోరమీను గద్ద తరఫున. నవంబరు వస్తోంది, సీతానగరం ఒడ్డున మళ్లీ ఇదే లెన్సుతో ఉంటాను.