స్టిక్కర్ టైల్స్‌కి 926 డాలర్లు: మాలిబు, సాంటా బార్బరా మూడు రోజుల యాత్ర

ముందు బిల్లు చెబుతాను. రాత్రికి 289 డాలర్ల చొప్పున రెండు రాత్రులకి 578, క్లీనింగ్ ఫీజు 175, సర్వీస్ ఫీజు 98, పన్ను 75. మొత్తం 926. ఇంత పోసి మేం అద్దెకి దిగిన ఇంటి గురించి బుకింగ్ యాప్‌లో రాసిన మాట: '1926 నాటి అసలైన స్పానిష్ ఇల్లు, చేత్తో చేసిన టైల్స్, పాతకాలపు దూలాలు.'

ఈ ప్రయాణానికి ఒక పని ఉంది. పోయినేడు కాలిఫోర్నియాలోని పసడీనాలో 1927లో కట్టిన చిన్న స్పానిష్ ఇల్లు కొన్నాం. పాత ఓనర్లు గదులన్నిటికీ బూడిద రంగు కొట్టి వదిలేశారు. ఎలా తీర్చిదిద్దాలో నాలుగు మంచి ఇళ్ళు చూసి నిర్ణయిద్దామని బయల్దేరాం. అమలాపురం నుంచి వచ్చి మా దగ్గరే ఉన్న అత్తగారిని కూడా తీసుకెళ్ళాం. స్టే బుక్ చేసింది మా ఆయన. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

సాంటా బార్బరాకి అరగంట ఇవతల ఉంది ఆ ఇల్లు. బయటి నుంచి బాగానే ఉంది: తెల్ల గోడలు, ఆర్చీలు, పైన గూన పెంకు. "మన పాత ఇంటి పెంకే ఇది" అని అత్తగారు కారు దిగుతూనే మురిసిపోయారు. లోపలికి వెళ్ళాక గోడ మీద వేలితో కొట్టి చూసి నావైపు తిరిగారు. ఆవిడ పుట్టింది మండువా లోగిలిలో. గానుగ సున్నం గోడ ఎలా మోగుతుందో ఆవిడకి తెలుసు. ఇది డొల్లగా మోగింది. జిప్సమ్ బోర్డు మీద మట్టిరంగు పెయింట్ వేసి, పాతగా కనబడాలని స్పాంజితో మచ్చలు అద్దారు. దూలాలైతే థర్మాకోల్ లాంటి సరుకు. మా ఆయన గొంతు తగ్గించి "ఫొటోల్లో బాగానే ఉందే" అన్నారు.

అసలు కథ మర్నాడు పొద్దున జరిగింది. అత్తగారు స్నానానికి వెళ్ళిన పది నిమిషాలకి తలుపు కొంచెం తీసి, "అమ్మాయ్, గోడ ఊడింది" అన్నారు. ఆవిడ చేతిలో నీలం, పసుపు పువ్వుల 'చేత్తో చేసిన టైల్' ఉంది. తడి తువ్వాలుకి అంటుకుని వచ్చేసిందట. కాగితమంత పల్చటి ప్లాస్టిక్ స్టిక్కర్! ఆవిరికి మిగతావి కూడా అంచుల దగ్గర లేచి ఉన్నాయి. పాపం, ఏదో విరగ్గొట్టానని ఆవిడకి ఒకటే టెన్షన్, మాకేమో నవ్వు ఆగలేదు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఖాళీ చేసేటప్పుడు దుప్పట్లు తీసి, అంట్లు డిష్‌వాషర్‌లో పెట్టి, చెత్త బయట పెట్టి వెళ్ళాలని కాగితం అంటించారు. "డబ్బిచ్చి మరీ అంట్లు తోమాలా?" అన్నారు అత్తగారు. అన్నీ చేసి వచ్చాక, టైల్ పాడుచేసినందుకు 60 డాలర్లు కట్టమని ఓనర్ మెసేజ్! ఊడిన అంచులన్నీ నేను ముందే ఫొటోలు తీశాను కాబట్టి ఆ 60 తప్పింది. వెనక్కి మాత్రం ఒక్క డాలర్ రాలేదు. ఇలాంటి చోట దిగగానే బాత్‌రూమ్ ఫొటోలు తీసి పెట్టుకోండి. టైల్ నిజమైనదైతే తాకితే చల్లగా ఉంటుంది.

దారిలో ముందురోజు చూసిన మాలిబు ఆడమ్‌సన్ హౌస్ వల్లే ఈ మోసం ఇంకా మండింది. అక్కడ మనిషికి టికెట్ ఆ క్లీనింగ్ ఫీజులో పదోవంతు కూడా కాదు. 1929లో మొదలెట్టిన ఇల్లు, ఆర్కిటెక్ట్ స్టైల్స్ క్లెమెంట్స్. ఆ ఇల్లు కట్టించిన కుటుంబానికే 1926లో పెట్టిన మాలిబు పాటరీస్ అనే టైల్స్ ఫ్యాక్టరీ ఉండేది. 1932లో మూతపడింది. నేల, ఫౌంటెన్లు, వంటిల్లు, స్నానాల గదులు, చివరికి కుక్కకి నీళ్ళు పోసే తొట్టి కూడా టైలే. దాదాపు 60 అడుగుల పర్షియన్ తివాచీ ఒకటి పరిచి ఉంది. దగ్గరికెళ్తే అదీ టైలే, అంచు కుచ్చులతో సహా. అత్తగారు దాని మీద కాలు పెట్టడానికి చెప్పులు విప్పబోయారు.

రంగులు ఒకదాంట్లోకి ఒకటి పాకకుండా ఎలా ఆపారో గైడ్ చెప్పింది. జిడ్డు కలిపిన నల్లరంగుతో ముందు గీత గీస్తారు. టైల్‌కి రంగు, మెరుపు ఇచ్చే గ్లేజుని నీళ్ళలో కలుపుతారు కాబట్టి అది ఆ గీత దాటదు. మన ముగ్గు గీత లాగే ఉందనిపించింది. "ఇదీ నకిలీ తివాచీయే కదా, మరి దీన్ని మెచ్చుకుంటావేం?" అని తర్వాత మా ఆయన స్టే తరఫున వాదన మొదలెట్టారు. ఇది తువ్వాలుకి అంటుకుని రాదు కదా అన్నాను. రాత్రిదాకా ముభావంగా ఉన్నారు.

రెండో రోజు సాంటా బార్బరా కోర్టు భవనం. ఉచితం. 1925 భూకంపం తర్వాత ఊరంతా ఈ స్పానిష్ తీరులో తిరిగి లేచింది. ఇది 1929లో పూర్తయింది. లిఫ్ట్ ఉంది కాబట్టి మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కూడా టవర్ దగ్గరిదాకా వెళ్ళొచ్చు. గోడల నిండా బొమ్మలున్న మ్యూరల్ రూమ్ తప్పకుండా చూడండి. నా కన్ను మాత్రం మెట్ల మీద పడింది. అడుగుపెట్టే చోట టైల్ లేదు, నిలువు వైపే ఉంది. జారదు, కిందనుంచి చూస్తే వరసంతా కనిపిస్తుంది. మధ్యాహ్నం బీన్స్, అన్నం ముగ్గురికి 31 డాలర్లు. అత్తగారు పచ్చిమిర్చి అడిగి మరీ తెప్పించుకున్నారు.

మూడో రోజు ఇంటికి.

ఇప్పుడు మా ఇంటి సంగతి. హాల్లో లైమ్‌వాష్ వేద్దామనుకున్నాం, గ్యాలన్ 70 డాలర్ల దాకా ఉంది. "సంక్రాంతికి వేసే వెల్లకి ఇంత ధరా?" అన్నారు అత్తగారు. పైగా మామూలు ప్లాస్టిక్ పెయింట్ మీద అది పట్టదు, ముందు దానికి తగ్గ ప్రైమర్ కొట్టాలి. 1978కి ముందు ఇళ్ళలో పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు, అందుకే టెస్ట్ చేయించేదాకా గోడ గీకనివ్వలేదు. పడగ్గదులు ప్రస్తుతానికి అలాగే ఉంటాయి.

మెట్లకి మాత్రం ఆగలేను. మా ఇంట్లో 13 మెట్లు, ఒక్కోదానికి ఆరు టైల్స్. 78 నిజమైన టైల్స్, ఒక్కోటి 11 డాలర్లు. 858 అవుతుంది. స్టే బిల్లు కన్నా 68 తక్కువే. ఈ లెక్క మా ఆయనకి ఇంకా చెప్పలేదు.