ఉచిత న్యాయ సహాయం: ఆ అరగంట నాకు చాలా విలువైనది

ఆగి ఉన్న ఆటో వెనుక నుంచి ఒక పెద్దాయన హఠాత్తుగా రోడ్డు మీదికి వచ్చారు. నా స్కూటరు తగిలి ఆయన మోచేతికి దెబ్బ తగిలింది. ఆసుపత్రికి తీసుకెళ్లింది నేనే. అయినా భారతీయ న్యాయ సంహిత 281, 125 సెక్షన్ల కింద (నిర్లక్ష్యంగా బండి నడపడం, దానివల్ల ఇతరులకు హాని కలగడం) కేసు నమోదై సమన్లు వచ్చాయి. "నేరం ఒప్పుకుని జరిమానా కట్టేయండి, మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉంటారు" అని కోర్టు ఆవరణలో ఒకరు సలహా ఇచ్చారు. నేను సిద్ధపడ్డాను కూడా.

తోటి టీచరు చెబితే ఉచిత న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కు ఫోను చేసి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాను. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయవాదిని ఉచితంగా ఇస్తారు. ఆ సంగతి అప్పటిదాకా నాకు తెలియదు.

వచ్చిన న్యాయవాది నాకంటే చిన్నది. సమన్ల నకలు వెనుక పెన్సిలుతో గీతలు గీసి మరీ అరగంటసేపు వివరించింది. "ఆయనకు దెబ్బ తగిలిందని మీకున్న బాధ వేరు, నేరం ఒప్పుకోవడం వేరు అక్కా" అంది. ఒప్పుకుంటే మెజిస్ట్రేట్ దాదాపు మన మాటల్లోనే రాసుకుని అక్కడికక్కడే దోషిగా తేల్చవచ్చు. ఆ తర్వాత అప్పీలు శిక్ష ఎంత, అది చట్టబద్ధమా అన్నంతవరకే. జరిమానా కట్టినా దోషిననే ముద్ర పోదు. నేను డీఎస్సీకి చదువుతున్నాను. రేపు ఉద్యోగం వస్తే ఆ వివరం రాయాల్సిందే. ఒప్పుకోకపోతే అబద్ధమాడినట్టు కాదట, రుజువు చేసే భారం పోలీసులదట. ఏమీ మాట్లాడకపోయినా విచారణే జరుగుతుంది. ప్లీ బార్గెయినింగ్ (నేరం ఒప్పుకుని, బాధితుడితో ఒక ఒప్పందానికి వచ్చే పద్ధతి) గురించీ అడిగాను. బాధితుడికి పరిహారం అందుతుంది, శిక్ష తగ్గుతుంది, కానీ దోషిగానే మిగులుతాం, మామూలు అప్పీలు ఉండదు.

మెజిస్ట్రేట్ అడిగినప్పుడు "నిదానంగానే నడిపానండి, నేరం ఒప్పుకోవడం లేదు" అన్నాను. గొంతు వణికింది, కానీ మాట తడబడలేదు.

లోపం లేదనను. న్యాయవాది పగలు ఫోను ఎత్తదు, సాయంత్రం ఆరు దాటాకే మాట్లాడుతుంది. నాలుగు వాయిదాలకు నాలుగు సెలవులు పోయాయి. అయినా ఆ అమ్మాయి ఒక్క వాయిదా కూడా మానలేదు, ఒక్క రూపాయి అడగలేదు.

పోయిన వాయిదాకు ఆ పెద్దాయనే సాక్షిగా వచ్చారు. ఆటో చాటు నుంచి వచ్చానని ఆయనే చెప్పారు. బయటికొచ్చాక చొక్కా చేయి పైకి మడిచి, మోచేయి మానిందని నాకు చూపించారు.