సెకండ్ లైఫ్‌లో ఎస్టేట్ స్థలం కొంటున్నారా? డబ్బు కట్టేముందు కవనెంట్ ట్యాబ్ తెరిచి చూడండి

లిండెన్ ల్యాబ్ అనే కంపెనీ నడిపే ఆన్‌లైన్ 3డి లోకం సెకండ్ లైఫ్‌లో స్థలం కొనే ఆలోచనలో ఉన్నవాళ్ళు దయచేసి ఇది పూర్తిగా చదవండి, ముఖ్యంగా ప్రైవేట్ ఎస్టేట్‌లో 4,096 చదరపు మీటర్ల ముక్క ఉంది, మూడు నెలల అద్దె ఒకేసారి కడితే రేటు తగ్గిస్తానని మీకు ఎవరైనా మెసేజ్ పెట్టి ఉంటే. నేను సరిగ్గా ఆ మాట నమ్మే కొన్నాను, ఏడో వారానికి స్థలం పోయింది. స్థలానికి 15,000 లిండెన్ డాలర్లు (అక్కడ చెల్లే డబ్బు), పన్నెండు వారాల అద్దె వారానికి 1,800 చొప్పున 21,600, మొత్తం 36,600. మన లెక్కలో పన్నెండు వేల రూపాయల పైమాటే.

నేను ఇందులోకి కొత్తగా వచ్చినవాణ్ణి కాదు. 2003 జూన్‌లో ఈ లోకం జనానికి తెరిచారు, నేను 2008 నుంచి తిరుగుతున్నాను. ఎవరో కట్టిన లైట్‌హౌస్ ఎక్కి, ఇంకెవరో కట్టిన రైలెక్కి, పక్క రీజియన్‌లో దిగి, ముక్కూమొహం తెలియనివాళ్ళ దగ్గర క్యూబ్‌ని కోసి తలుపు ఎలా చెయ్యాలో నేర్చుకున్నాను. ఇన్నేళ్ళూ నేను కట్టింది శాండ్‌బాక్సుల్లోనే, అంటే ఎవరైనా వచ్చి కట్టి చూసుకునే ఉమ్మడి స్థలాల్లో. అక్కడ కట్టడానికి పైసా ఖర్చు లేదు కానీ కొన్ని గంటలు కాగానే మన వస్తువులన్నీ మన ఇన్వెంటరీకి, అంటే మన సామాను సంచికి, తిరిగొచ్చేస్తాయి, ఏదీ నిలవదు. మా అమ్మమ్మగారి మండువా ఇల్లు కట్టి అది అలాగే నిలిచి ఉండాలని, ఎవరైనా వచ్చి మండువాలో కూర్చోవాలని నాకు చాలా ఏళ్ళ కోరిక. అందుకే స్థలం కొన్నాను. గూన పెంకుల కప్పుకే మూడు వారాంతాలు పట్టింది. నాలుగు వైపుల నుంచీ చూరు నీళ్ళు మధ్యలో పడేలా పార్టికల్ స్క్రిప్టు రాశాను, ఉయ్యాల బల్లకి గొలుసులు ఒక్కొక్క కడియం చొప్పున అతికించాను, పెరట్లో నేల తవ్వి చిన్న చెరువు చేశాను. ఆ ముక్కకి 1,250 ల్యాండ్ ఇంపాక్ట్ వస్తుంది, అంటే అక్కడ ఎంత సామాను పెట్టొచ్చో దాని కోటా. అందులో 1,100 ఇంటికే పోయింది.

ఇప్పుడు అసలు మోసం ఎక్కడుందో చెప్తాను. కొన్న వెంటనే ఎబౌట్ ల్యాండ్ అనే స్థలం వివరాల విండో తెరిస్తే ఓనర్ అని నా పేరే కనిపించింది. దాంతో నాకు ధీమా వచ్చేసింది. కానీ ప్రైవేట్ ఎస్టేట్‌లో ఆ పేరుకి పెద్దగా విలువ లేదు. 256 మీటర్ల పొడవు, 256 మీటర్ల వెడల్పు ఉన్న రీజియన్ మొత్తం ఒక ఎస్టేట్ ఓనర్‌ది, కంపెనీకి నెలనెలా డబ్బు కట్టేది అతనే. మనం "కొన్నది" నిజానికి అతని దగ్గర తీసుకున్న కౌలు. ఎప్పుడు కావాలంటే అప్పుడు అతను స్థలాన్ని వెనక్కి తీసుకోగలడు, దానికి ఒక బటన్ చాలు. నాకు అమ్మినవాడైతే ఎస్టేట్ ఓనర్ కూడా కాదు, నాలాగే కౌలుదారు. తన ముక్క నాకు అమ్మేసి, పక్కన అద్దె డబ్బా (మనం అద్దె వేసే డబ్బా) తన పేరున పెట్టుకున్నాడు. నేను కట్టిన అద్దె అతని జేబులోకి పోయింది, అసలు ఓనర్‌కి ఒక్క లిండెన్ కూడా చేరలేదు. అసలాయన కొన్నాళ్ళు చూసి స్థలం వెనక్కి తీసుకున్నాడు. ఆయన్ని నేను తప్పుపట్టను, ఆయనకీ నెల తిరిగేసరికి బిల్లు కట్టాలి కదా.

ఆ రోజు లాగిన్ అయితే లాస్ట్ అండ్ ఫౌండ్ ఫోల్డర్లో నా ఇల్లు ఒక మూటలా పడి ఉంది. వస్తువులైతే తిరిగొస్తాయి, నిజమే. కానీ తవ్విన చెరువు, మలిచిన నేల తిరిగి రావు. ఆ మూట విప్పాలన్నా 1,100 ఖాళీ ఉన్న స్థలం మళ్ళీ కావాలి. అమ్మినవాడికి పది మెసేజులు పెట్టాను, జవాబు లేదు. కంపెనీకి చెప్పుకుందామంటే, నివాసితుల మధ్య అద్దె తగాదాల్లో వాళ్ళు తీర్పు చెప్పరు. లోపల వడ్డీ ఇస్తామన్న బ్యాంకుల్ని 2008 జనవరిలో కంపెనీయే ఆపేసింది, స్థలాల అద్దెకి మాత్రం అలాంటి అడ్డుకట్ట లేదు.

ఊళ్ళో రెండు సెంట్ల స్థలం కొనాలన్నా ఈసీ తీయిస్తాం, లింకు డాక్యుమెంట్లు అడుగుతాం. ఇక్కడ ఆ పని అర నిమిషంలో అయిపోతుంది, ఆ అర నిమిషమే నేను పెట్టలేదు. ఎబౌట్ ల్యాండ్‌లో కవనెంట్ ట్యాబ్ (ఎస్టేట్ షరతులు రాసి ఉండే చోటు) తెరవండి, ఎస్టేట్ ఓనర్ పేరు అక్కడ ఉంటుంది. మీకు అమ్ముతున్నవాడి పేరూ అదీ ఒకటి కాకపోతే, డబ్బు కట్టకముందే ఆ ఓనర్‌కి నేరుగా మెసేజ్ పెట్టి ఇతను మీ మనిషేనా అని అడగండి. అద్దె డబ్బా మీద రైట్ క్లిక్ చేసి దాని ఓనర్ ఎవరో కూడా చూడండి. కవనెంట్ చివరి లైను దాకా చదవండి, అద్దె ఎవరికి కట్టాలో నా కవనెంట్లో చివర్లోనే రాసి ఉంది, నేను మొదటి పేరాతో ఆపేశాను. మొదటి రెండు నెలలైనా వారం వారం కట్టండి, తగ్గింపు రేటు ఇస్తామన్నా సరే. ఎస్టేట్ వద్దనుకుంటే కంపెనీయే నడిపే మెయిన్‌ల్యాండ్ చూడండి, అక్కడ కవనెంట్ ట్యాబ్‌లో గవర్నర్ లిండెన్ అని కంపెనీ అకౌంట్ పేరే ఉంటుంది. డబ్బు కట్టి తీసుకునే సభ్యత్వం కావాలి, చుట్టుపక్కల ఎవరు ఏం కట్టినా భరించాలి, కానీ మధ్యలో ఇలాంటి కౌలుదారు ఉండడు. ఇల్లు కట్టేవాళ్ళు ఒక లింక్‌సెట్‌లో (ఒకటిగా కలిపిన ముక్కల గుంపులో) 256 ముక్కలు మించకుండా భాగాలుగా చేసి, వారానికోసారి కాపీ తీసి ఇన్వెంటరీలో పెట్టుకోండి.

అమ్మినవాడి పేరు ఇక్కడ రాయడం లేదు, నా మెసేజులకి జవాబు ఆపాక కొత్త అకౌంట్‌తో అవే ఫొటోలు, అదే మూడు నెలల ఆఫర్ మళ్ళీ పెట్టినట్టు కనిపించింది, పేరు చెప్పినా ఉపయోగం లేదు. ఆఫర్ తీరు గుర్తుపెట్టుకోండి. ఇలాంటి ఆఫర్‌తో ఇప్పటికే కొన్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ రాత్రికే లాగిన్ అయి కవనెంట్ చూసుకోండి, అనుమానం వస్తే స్థలం చేతిలో ఉండగానే మీ ఇంటి కాపీ ఒకటి ఇన్వెంటరీలో పెట్టుకోండి.